కవచంగారి నీలం గౌను

ఆసుపత్రిలో ఆయన్ని అందరూ కవచంగారు అనేవాళ్లు. అది వెక్కిరింత అని గేటు దగ్గరి వాచ్‌మన్ మొదలు పెద్దడాక్టరు దాకా తెలియనివాళ్లు లేరు, ఆయన తప్ప. ఆయన దాన్ని బిరుదుగా స్వీకరించారు. ఇచ్చేవాళ్లు నవ్వాపుకుంటూ ఇవ్వడం, పుచ్చుకునేవాళ్లు ఛాతీ విరుచుకుని పుచ్చుకోవడం బిరుదుల స్వభావం కనుక ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు.

కవచం కాకముందు ఆయన దుప్పట్ల గుమస్తా. ఆసుపత్రి వెనకవైపు, బట్టలుతికే యంత్రాలు రోజంతా గుర్రుపెట్టే గది పక్కన, కిటికీ లేని పొడుగాటి గది ఒకటుంది. అరల నిండా దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్లు, ఆపరేషన్ గౌన్లు. తలుపుకు అడ్డంగా చెక్కబల్ల, బల్ల వెనక ఆయన. ఆ బల్ల మీద మోచేతులు ఆనించి, "రేపు రండి" అనే రెండు మాటలను ఎన్ని రాగాల్లో పలకవచ్చునో యౌవనమంతా వెచ్చించి పరిశోధించారు. నర్సులకు ముక్తసరి రేపు, ఆయాలకు కసురుకునే రేపు, కొత్తగా చేరిన డాక్టర్లకు కాస్త చిరునవ్వు కలిపిన రేపు. అర్జెంటని ఎవరైనా పరుగెత్తుకొస్తే, "పాతది తెచ్చారా? పాతది అప్పగిస్తేనే కొత్తది" అనేవారు. పాత దుప్పటి మీద ఇంకా మనిషి ఉన్నాడండీ అంటే, "మనిషిని దించి తీసుకురండి" అని దారి చూపేవారు.

న్యాయంగా చెప్పాలంటే ఆయనకొక విద్య వచ్చు. మడతపెట్టడం. ఆయన మడిచిన దుప్పటి అంచుకు అంచు కలిసి ఇటుకలా నిలబడేది. ముడత అన్నది ఆయనకు గిట్టదు. ఎక్కడ కనబడినా చెయ్యి దానంతటదే వెళ్లి, అరచేత్తో సాపు చేసి, అంచు లాగి, రెండుసార్లు తట్టి గాని వెనక్కి రాదు. ఎవరింటికైనా వెళితే కుశలం అడగకముందే వాళ్ల మంచం సర్దేవారు. భార్య పడుకుని ఉండగా ఆమె కింది దుప్పటి లాగి సరిచేసిన సందర్భం కూడా ఒకటుంది. దానికి ఆమె ఇచ్చిన జవాబు కూడా ఉంది గాని, రాయదగినది కాదు.

ఇంతటి మనిషిని చరిత్ర ఎంతకాలమని ఆ కిటికీ లేని గదిలో ఉంచుతుంది?

ఊళ్లోకి కొత్త దగ్గుజ్వరం వచ్చింది. ఊపిరితో, తుంపరతో, ముట్టుకున్న చేతితో అంటుకునే వైరస్. ఆ రోగుల కోసం పై అంతస్తులో ఒక వార్డు వేరుచేసి తలుపులు మూశారు కనుక దానికి మూసినవార్డు అని పేరు పడింది. అందులోకి వెళ్లేవాళ్లంతా గౌను, గ్లవ్సు, మాస్కు, మొహానికి అడ్డంగా ఫేస్‌షీల్డు పెట్టుకోవాలి. ఇవన్నీ సక్రమంగా జరుగుతున్నాయో లేదో చూడటానికి రక్షణాధికారి అనే పదవి ఒకటి ఉండి తీరాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. డాక్టర్లందరూ వరసగా తీరిక లేదన్నారు. సమస్య వచ్చినప్పుడల్లా కిటికీలోంచి బయటికి చూసే అలవాటున్న పెద్దడాక్టరు కాసేపు బయటికి చూసి, "ఆ గౌన్ల గది తాళాలు ఎవరి దగ్గరున్నాయి?" అని అడిగారు. మన గుమస్తాగారు అధికారి అయిపోయారు.

అందుకు ఒకరోజు శిక్షణ కూడా ఇచ్చారు. పొద్దున తొడుక్కోవడం, మధ్యాహ్నం విప్పడం. పొద్దుటి పాఠం ఆయన ముందువరసలో కూర్చుని విన్నారు. మధ్యాహ్నం మాత్రం కొత్త గదికి కుర్చీ ఎంచుకునే పని తగిలి వెళ్లలేకపోయారు. తరువాత జరిగిందంతా ఆ మధ్యాహ్నపు చలవే.

"తొడుక్కోవడం శాస్త్రం," అని మర్నాడు సిబ్బందిని నిలబెట్టి ఉపన్యసించారు. "విప్పడానికేముంది? పసిపిల్లలకు కూడా వచ్చు!"

సంగతి తలకిందులని అక్కడున్న నర్సులందరికీ తెలుసు. తొడుక్కునేటప్పుడు గౌను శుభ్రంగానే ఉంటుంది. లోపల రోగి దగ్గిన దగ్గంతా దాని రొమ్ము మీదా చేతుల మీదా చేరుతుంది. చేరాలనే కదా వేసుకునేది. ప్రమాదమంతా దాన్ని ఒంటి మీంచి దించేటప్పుడు. అందుకే వార్డుకూ బయటి నడవకూ మధ్య విప్పుడుగది ఒకటి పెట్టారు. అక్కడ ఎవరికి వారు విప్పకూడదు. ఎదురుగా జతమనిషి నిలబడి ఒక్కొక్కటే చెబుతుంటే చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి. గౌనును మురికివైపు లోపలికి పోయేలా చుట్టుకుంటూ, దాంతోపాటే గ్లవ్సూ తీసి, మూత ఉన్న డబ్బాలో వెయ్యాలి. చేతులు కడుక్కోవాలి. షీల్డు వెనకనుంచి తియ్యాలి, మాస్కు ఆఖర్న తాళ్లు పట్టుకుని తియ్యాలి, మళ్లీ చేతులు కడుక్కోవాలి. మధ్యలో ముక్కు దురద పుడితే అది దురద తలరాత.

అందరికీ ఒకసారి వేసుకుని పారేసే పలచటి పసుపు గౌన్లు. కవచంగారిది నీలం. ఏదో కంపెనీవాళ్లు నమూనాకు పంపిన దళసరి గౌను, లోకంలో ఒక్కటే ఉందన్నట్టు ఒక్కటే వచ్చింది. ఆయన దాన్ని తన గదిలోకి తీసుకెళ్లి తలుపేసుకుని తొడుక్కుని చూసుకున్నారు. ఆ తరువాత ఆసుపత్రిలో ఆయన్ని అది లేకుండా చూసినవాళ్లు లేరు. మాస్కు గడ్డం కింద, మాట్లాడటానికి వీలుగా. షీల్డు నుదుటి పైన, కిరీటం మాదిరి. మోచేతుల దాకా వచ్చే గ్లవ్సు. అవీ నమూనావే, అవీ ఒక్క జతే. సాయంత్రం గౌనును తన గది బయటి కొక్కేనికి తగిలించి, గ్లవ్సును దాని చేతుల్లోకి దూర్చి, మర్నాడు మళ్లీ అవే.

"పారెయ్యమంటారేమిటి? నేనేం లోపలికి వెళ్తున్నానా? గుమ్మం దాకానేగా!"

ఆ గుమ్మం దగ్గరే ఆయన పరిపాలన సాగేది. రోగుల దగ్గర్నుంచి విప్పుడుగదిలోకి వచ్చే ప్రతి నర్సునూ ఆపి, గౌను చేతిని రెండు వేళ్లతో నలిపి గుడ్డ నాణ్యం చూసేవారు. వీపున ముడి వదులైతే బిగించేవారు. భుజం మీద ముడత ఉంటే సాపు చేసి, తట్టి, "భేష్" అనేవారు. చూసేవాళ్లు ముక్కు మీద వేలేసుకుందామన్నా వేలికి గ్లవ్సు, ముక్కుకు మాస్కు.

మూసినవార్డు నర్సుల్లో ఒకామె ఆయన భార్యకు స్వయానా చెల్లెలు. వాళ్లింటి పైవాటాలోనే తల్లితో ఉండేది. చిన్నప్పటి నుంచీ బావగారంటే భయం లేదు, ఉండాల్సిన కారణం కూడా ఆయన కల్పించలేదు.

"బావా, ఆ చేత్తో నన్ను ముట్టుకోకండి."

"ఏం? గ్లవ్సున్నాయిగా!"

"ఉన్నాయనే చెబుతున్నా. గ్లవ్సు మీ చేతిని కాపాడతాయి. మీ గ్లవ్సు నుంచి మమ్మల్ని ఎవరు కాపాడతారు?"

"చదువుకున్నదానివి, ఏమిటా మాటలు? నా గ్లవ్సుకేమైంది, మెరిసిపోతున్నాయి."

"పొద్దుట్నుంచి పదిమంది ఒంటి మీద రుద్దితే మెరవక ఏం చేస్తాయి? ఆ డబ్బాలో వేసి చేతులు కడుక్కుని వెళ్లండి, మీకు పుణ్యముంటుంది."

"అధికారిగా చెబుతున్నా, హద్దులో ఉండు."

"మరదలిగా చెబుతున్నా, మీరు హద్దు దాటకండి. అదిగో, నేల మీద గీసిన ఎర్రగీత. దాని మీదే నిలబడ్డారు."

ఆమె ఈ సంగతి మేట్రన్‌కు చెప్పింది. మేట్రన్ పెద్దడాక్టరుకు చెప్పింది. పెద్దడాక్టరు కిటికీలోంచి బయటికి చూశారు.

గుమ్మం దగ్గర తనిఖీ ముగియగానే, అదే వేషంలో, ఆసుపత్రిలోని మిగతా వార్డుల మీదికి కవచంగారి ఊరేగింపు బయలుదేరేది. దాన్ని ఆయన అవగాహన వ్యాప్తి అనేవారు. వ్యాప్తి అన్న మాట వరకు నిజమే. ఎముకల వార్డంటే మరీ ప్రీతి. అక్కడి రోగులు కాళ్లకు కట్లతో, బరువులు వేలాడదీసుకుని ఉంటారు కనుక లేచి వెళ్లిపోలేరు. ఉపన్యాసానికి అంతకంటే అనువైన సభ దొరకదు. పైగా కదల్లేని మనిషి కింద దుప్పటి ముడతలు పడుతుంది. అది ఆయన ప్రాణానికి పిలుపు. ఒక్కొక్క మంచం దగ్గరా ఆగి, దుప్పటి సాపు చేసి, అంచు లాగి, దిండు ఎత్తి తట్టి పెడుతూ వెళ్లేవారు.

ఆ వార్డులో తొడ ఎముక విరిగిన ఒక ముసలాయన ఉండేవాడు. గడియారాలు బాగుచేసే వృత్తి కనుక అందరికీ గడియారాల తాత.

"రండి నీలం దొరగారూ! ఈ అంగీ రోజురోజుకీ మీకు నప్పుతోందండీ."

"అంగీ కాదు తాతా, కవచం."

"ఓహో. యుద్ధం ఎక్కడ బాబూ?"

"అంతటా!" అనేవారు ఆయన, షీల్డు సర్దుకుంటూ.

"అయితే నా దిండు దగ్గర మాత్రం సంధి చేసుకోండి. మెడ పీకేస్తోంది."

కవచంగారు దిండు తట్టి, మెడ కిందకు జరిపి, గలీబు అంచును ముసలాయన బుగ్గ పక్కగా నొక్కి సర్దేవారు. ఆ పని చేసేటప్పుడు ఆయన మొహంలో నిజంగానే ఒక దయ కనబడేది. అదే ఇందులో అన్నిటికంటే అసహ్యమైన విషయం.

ఎముకల వార్డులో దగ్గు మొదలైంది. మొదట తాత, తరువాత ఆయన పక్కమంచం, ఆపైన ఆ వరసంతా. విరిగిన కాలుతో దగ్గడమంటే ఏమిటో ఆ వార్డు అరుపులు విన్నవాళ్లకు తెలుసు. తాతకు ఊపిరి అందక, కాలికున్న బరువులతో సహా మూసినవార్డుకు తరలించి ఆక్సిజన్ పెట్టారు. గడియారాల గురించి తప్ప దేని గురించీ కంగారుపడని మనిషి, ముక్కుకు గొట్టంతో, కళ్లు పెద్దవి చేసి పైకప్పు చూస్తూ పడుకున్నాడు.

జబ్బు ఎవరు మోసుకొచ్చారు? రక్షణాధికారి ఉన్న ఆసుపత్రిలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవారు రక్షణాధికారి. కవచంగారు గదిలో కూర్చుని దీర్ఘంగా ఆలోచించారు. రెండు వార్డుల మధ్య తిరిగిన మనిషి ఎవరు? తను కాకుండా ఎవరు? అప్పుడు గుర్తొచ్చింది. కిందటి వారం మరదలు సెలైన్ స్టాండు అరువు కోసం ఎముకల వార్డుకు వెళ్లింది. అన్నీ విప్పి, కడుక్కుని, మామూలు బట్టల్లో వెళ్లింది. అదే ఆయనకు అనుమానాస్పదంగా తోచింది. కవచం లేకుండా వెళ్లిందన్నమాట!

పెద్దడాక్టరు ముందు నిలబడి గొంతు గంభీరం చేసుకున్నారు. "సొంత మరదలని నేను వెనకాడను సార్. డ్యూటీ డ్యూటీయే, చుట్టరికం చుట్టరికమే."

తన నిష్పాక్షికతకు తనకే ఒళ్లు పులకరించింది.

మేట్రన్ అడ్డుపడింది గాని, పెద్దడాక్టరుకు కావలసింది ఒక పేరు, అది దొరికింది. విచారణ తేలేదాకా మరదలు డ్యూటీకి రాకూడదన్నారు. తప్పు రుజువైతే ఉద్యోగం తీసేస్తారు. అంతటితో పోదు. వార్డులో వైరస్ పంచిన నర్సు అని పేరు పడితే మరే ఆసుపత్రీ గుమ్మం తొక్కనివ్వదు.

పిలిపించి ఈ మాట చెబితే మరదలు ఏడవలేదు. "సరే సార్. ఇప్పుడే డ్యూటీలోంచి వస్తున్నాం. మా అందరి గౌన్లూ, గ్లవ్సూ, చేతులూ, లోపలి బట్టలూ పరీక్ష చేయించండి," అంది. ల్యాబు డాక్టరమ్మ దూదిపుల్లలు పట్టుకుని విప్పుడుగదికి వచ్చి, విప్పిన ప్రతిదాని మీదా, విప్పినవాళ్ల చేతుల మీదా తుడిచి తీసుకుపోయింది. ఎముకల వార్డుకూ వెళ్లి మంచాలు, దిండ్లు కూడా తుడిచింది. కవచంగారు పక్కనే నిలబడి, ముడతపడిన ఆమె కోటు వంక బాధగా చూశారు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి భార్య, అత్తగారు, మరదలు ముందుగదిలో వరసగా కూర్చుని ఉన్నారు. విచారణసంఘం ఇక్కడా ఉందన్నమాట.

"ఏమండీ, మా చెల్లి ఏం చేసిందని?" అంది భార్య.

"అది ఆఫీసు విషయం."

"దాని ఉద్యోగం మా ఇంటి విషయం. పోనీ ఒక్కటి చెప్పండి. ఆ నీలం గౌను ఎప్పుడైనా ఉతికించారా?"

"అది ఉతికేది కాదు."

"పారేసేదా?"

"పారేసేదీ కాదు."

"మరి?"

"తొడుక్కునేది!" అన్నారు కవచంగారు, ఇంత చిన్న సంగతి కూడా తెలియనివారితో కాపురం చేస్తున్నందుకు నిట్టూరుస్తూ.

అత్తగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "అల్లుడుగారు ఏమంటున్నారే?"

"ఏమీ లేదమ్మా. ఏమీ లేకుండానే అంటున్నారు," అంది భార్య.

మరదలు లేచి నిలబడింది. "బావా, తాత దిండు రోజూ ఎవరు సర్దేవాళ్లు?"

"నేనే. ఇంకెవరికి అంత శ్రద్ధ?"

"ఏ చేత్తో?"

"గ్లవ్సు వేసుకున్న చేత్తో! ఉట్టి చేత్తో ముట్టుకుంటాననుకున్నావా?"

ఆమె అక్క వైపు తిరిగింది. "అక్కా, నాకు భోజనం వద్దే," అని మేడెక్కి వెళ్లిపోయింది. వాదనలో నెగ్గానని కవచంగారికి అర్థమైంది. భోజనం ఎవరూ వడ్డించకపోయేసరికి, నెగ్గినవాడు తనే వడ్డించుకున్నాడు.

ఫలితాలు వచ్చిన రోజు పెద్దడాక్టరు గదిలో సమావేశం. బల్లకు ఆ కొసన మరదలు నిలబడి ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు.

"మూసినవార్డులో తీసిన గౌన్ల మీద వైరస్ ఉంది," అంది ల్యాబు డాక్టరమ్మ. "ఈమె గౌను మీద, గ్లవ్సు మీద కూడా ఉంది."

కవచంగారు కుర్చీలోంచి లేచారు. "దొరికింది! చూశారా సార్? నేను ముందే చెప్పలేదూ?"

"కాస్త ఆగండి. అందరి గౌన్ల మీదా ఉంది. లేకపోతేనే విడ్డూరం. ఉండాల్సింది అక్కడే. విప్పాక వీళ్ల చేతుల మీద లేదు, లోపలి బట్టల మీద లేదు. ఈమెకూ పరీక్ష చేశాం, జబ్బు లేదు. అంటే విప్పడం సరిగ్గా విప్పారు."

ఈ మాటల్లో రెండో సగం కవచంగారి చెవిదాకా రాలేదు. మొదటి సగమే అక్కడ కాలు మీద కాలేసుకుని కూర్చుంది. "గౌను మీద వైరస్ ఉండటమేమిటి మేడం, సిగ్గులేకుండా! గౌను అంటే ఎలా ఉండాలి? నాది పరీక్ష చేయండి. శుభ్రత అంటే ఏమిటో ఈ ఆసుపత్రికి తెలుస్తుంది."

"మీరు లోపలికి వెళ్లరు కదా?"

"వెళ్లను. అయినా చెయ్యండి. కొలబద్దగా ఉంటుంది."

మరదలు తల ఎత్తింది. "చేయించండి మేడం," అంది మెల్లగా.

కవచంగారు వెళ్లి, సమావేశం కోసం విప్పి కొక్కేనికి తగిలించిన గౌనును తెచ్చారు. సన్మానంలో శాలువా తెచ్చినట్టు, రెండు చేతుల మీదా పరిచి, గ్లవ్సునూ షీల్డునూ పైన పెట్టి, నడక తగ్గించి తెచ్చారు. ల్యాబు డాక్టరమ్మ కుర్చీ వెనక్కి జరుపుకుంది. అది గౌరవసూచకమని ఆయన భావించారు. బల్ల మీద గౌను పరిచి, చేతి మీద ఒక ముడత కనబడితే సాపు చేశారు. పెద్దడాక్టరు కిటికీ తెరిచారు. ఈసారి చూడటానికి కాదు.

మళ్లీ ఫలితం వచ్చేదాకా ఆయన ఉత్సాహానికి పట్టపగ్గాల్లేవు. గౌను ల్యాబులో ఉంది కనుక, మామూలు చొక్కాలో కాస్త పొట్టిగా కనబడుతూ, "చూడండి, చూడండి" అంటూ తిరిగారు. ఆ రోజుల్లో ఎముకల వార్డులో కొత్తగా ఒక్కరికీ జ్వరం రాలేదు. దీన్ని ఆయన తన విచారణ సాధించిన విజయంగా లెక్కేసుకున్నారు.

రెండో సమావేశం పొట్టిది.

"నీలం గౌను చేతుల మీద, గ్లవ్సు మీద, షీల్డు మీద వైరస్ ఉంది," అంది డాక్టరమ్మ. "ఇన్ని చోట్ల అంటిన సామాను నేనింకా చూడలేదు. లోపల రోగుల పక్కన పనిచేసేవాళ్ల గౌను మీద కూడా ఇంత లేదు. వాళ్లది ఒక పూటది, ఇది ఇన్నాళ్లదీ. ఆ రోజు ఎముకల వార్డు నుంచి తీసినవాటి ఫలితమూ ఇప్పుడే వచ్చింది, దగ్గు లేనివాళ్ల దిండు అంచుల మీద కూడా దొరికింది. ఈ మధ్య తాతకు కాస్త మాట వచ్చింది. దిండు ఎవరు సర్దేవారు తాతా అని అడిగాను. నీలం దొరగారు తప్ప ఇంకెవరూ ముట్టరమ్మా, పాపం, అన్నాడు."

కవచంగారి మొహంలో ఏదో కదిలింది. ముసలాయన బుగ్గ పక్కన గలీబు అంచు నొక్కుతున్న తన వేళ్లు ఆయనకు కనబడ్డాయేమో. ఒక్క క్షణం ఆయన మనిషిలా కనిపించారు. మరుక్షణం తేరుకున్నారు.

"అంటే సార్, వైరస్‌ను నా గౌను పట్టుకుందనేగా! పట్టుకోవడానికేగా కవచం!"

"పట్టుకుంది," అంది డాక్టరమ్మ. "పట్టుకుని, మంచం మంచానికీ తీసుకెళ్లి అప్పగించింది."

మరదలు మరునాటి నుంచే డ్యూటీకి రావచ్చని పెద్దడాక్టరు చెప్పారు. తొందరపడ్డాం అనే మాటను కూడా చెప్పారు, కిటికీ వైపు తిరిగి. ఆమె, "తాతకు ఇప్పుడు ఆక్సిజన్ ఎంత పెడుతున్నారు?" అని మేట్రన్‌ను అడిగి, జవాబు వింటూనే గదిలోంచి వెళ్లిపోయింది. కవచంగారి పదవి పోయింది, దుప్పట్ల గది తిరిగొచ్చింది. విప్పడం నేర్చుకుని పరీక్ష నెగ్గేదాకా ఆయన ఆ గది దాటి ఏ వార్డు గడపా తొక్కకూడదని ఉత్తర్వు. నేర్పవలసింది ఎవరన్నదానికి మేట్రన్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నీలం గౌనును ఎర్రసంచిలో మూటగట్టి కాల్చేశారు. ఆయన దూరంగా నిలబడి చూశారు. సంచిలో వెయ్యడానికి ముందు దాన్ని ఎవరూ మడతపెట్టలేదు.

ఆయనకూ పరీక్ష చేశారు. జబ్బు లేదు. అన్నాళ్లు ఒంటి మీదే కాపురమున్న వైరస్ కూడా ఆయన్ని లోపలికి వెళ్లదగిన మనిషిగా భావించలేదు.

ఇంట్లో సంగతి తెలిశాక అత్తగారు చాలాసేపు తలూపింది. "దుప్పట్లకైతే రేపు రండనేవారు అల్లుడుగారు. జబ్బు మాత్రం ఏ రోజుది ఆ రోజే పంచిపెట్టారన్నమాట."

విప్పుడుగదిలో పాఠాలు మొదలయ్యాయి. పసుపు గౌను, షీల్డు, మాస్కు తొడిగి, వాటన్నిటి మీదా కంటికి కనబడని పొడి ఒకటి చల్లుతారు. అంతా విప్పాక గదిలో దీపం ఆర్పి నీలి లైటు వేస్తే, పొడి అంటినచోటల్లా మెరుస్తుంది. వైరస్ ఎక్కడెక్కడికి వెళ్లేదో అలా తెలుస్తుంది. మొదటిసారి లైటు వేసినప్పుడు కవచంగారి మీసం, కళ్లజోడు, రెండు చెవులూ, బట్టతల మధ్యభాగమూ మెరిశాయి. చూడటానికి వచ్చిన నర్సులు, ఇది మనిషా ఆకాశమా అని ముచ్చటపడ్డారు.

"బావా, తల మీదికి ఎలా వెళ్లింది?"

"ఆలోచిస్తూ గోక్కున్నాను."

"ఆలోచించకండి. నేను చెప్పింది చెయ్యండి చాలు. మళ్లీ మొదట్నుంచి."

రోజూ పని అయ్యాక ఆయన వచ్చేవారు. "ముందు గౌను ముడి. ఆఁ, వెనకది. లాగండి. మీసం మీదికి వెళ్తోంది చెయ్యి, కిందికి దించండి." ఇంత కాలం ఊళ్లోవాళ్లందరినీ రేపు రమ్మన్న మనిషి, రోజూ మరదలి నోట రేపు రండి అనిపించుకుని ఇంటికి పోయేవారు.

తాత కోలుకున్నాడు. ఇంటికి పంపే రోజున ఆయన చక్రాల కుర్చీలో నడవలో కూర్చుని, అంబులెన్సు దాకా తీసుకెళ్లే స్ట్రెచర్ కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ స్ట్రెచర్ విప్పుడుగది గుమ్మం పక్కనే, తెల్లదుప్పటి పరిచి, సిద్ధంగా ఉంది. లోపల కవచంగారి పరీక్ష జరుగుతోంది.

ఆ రోజు ఆయన అద్భుతంగా విప్పారు. గౌను మురికివైపు లోపలికి చుట్టుకుంటూ వచ్చింది, గ్లవ్సు దాంతోపాటే వచ్చాయి, చేతులు కడిగారు. షీల్డు వెనకనుంచి తీశారు. మాస్కు తాళ్లు పట్టుకుని డబ్బాలో వేశారు. ముక్కు దురద పెట్టినట్టుంది, మొహమంతా వంకరలు పోయింది, అయినా చెయ్యి లేవలేదు. ఇక మిగిలింది ఆఖరిసారి చేతులు కడుక్కోవడం. మరదలు మొహంలో కూడా ఒక ఆశ మెరిసింది. ఆయన కొళాయి వైపు తిరిగారు. తిరుగుతూ గుమ్మం వైపు చూశారు.

స్ట్రెచర్ మీది దుప్పటికి మధ్యలో ఒక ముడత ఉంది.

"బావా!" అని ఆమె అరిచేలోపే చెయ్యి వెళ్లిపోయింది. అరచేత్తో సాపు చేసింది. అంచు లాగింది. రెండుసార్లు తట్టింది.

ఆమె దీపం ఆర్పి నీలి లైటు వేసింది. తెల్లదుప్పటి మీద, అయిదు వేళ్లతో, కవచంగారి అరచెయ్యి నక్షత్రంలా మెరిసింది.

నడవలోంచి తాత మెడ సాచి చూశాడు. "అమ్మాయ్, దాని మీద మాత్రం నన్ను పడుకోబెట్టకు. కుంటుకుంటూ అయినా నడిచే పోతాను."

"ఉండు తాతా, దుప్పటి మారుస్తాను," అంది ఆమె. దుప్పటిని కొసలు పట్టి చుట్టి డబ్బాలో పడేసి, చేతులు కడుక్కుని, బావగారి వైపు తిరిగింది. "దుప్పట్ల గుమస్తాగారూ, అర్జెంటుగా కొత్త దుప్పటి ఒకటి కావాలి."

కవచంగారి నోరు అలవాటు కొద్దీ 'రే' అనే దాకా వెళ్లింది. మరదలి మొహం చూసి అక్కడే ఆగింది.

"ముందు చేతులు," అంది ఆమె.